ఇటలీ మేడం ఎదురొస్తే

పేరు పర్ణశాల ఎన్‌క్లేవ్. రాఘవమ్మ బాల్కనీలోని తులసి మొక్కను మినహాయిస్తే, ఆ పేరుకు తగ్గ ఆకు ఒక్కటి కూడా ఆ ఐదంతస్తుల కాంక్రీటు కట్టడంలో లేదు. ఖమ్మంలో లకారం చెరువు కట్టకు దగ్గరగా ఉంటుంది. దానికి లిఫ్టు ఉంది. ఉందని అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటప్పయ్య కిరాయికి అడగవచ్చిన ప్రతివారికీ చెబుతాడు. అది పనిచేస్తుందని మాత్రం ఆయన కూడా ఏనాడూ అనలేదు. ఆ లిఫ్టు బాగుండి ఉంటే ఈ కథే జరిగేది కాదు.

ఆ ఉదయం రెండో అంతస్తులో ఉదయ్ భాస్కర్ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. అతని భార్య దీపిక డ్రైవింగ్ లైసెన్సు టెస్టుకు వెళ్ళాలి, పాసై రావాలి. ఏన్కూరు దాటాక అడవి అంచున ఒక ట్రస్టు వాళ్ళు నడిపే బడిలో ఆమెకు లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి. మొదటి గంట కొట్టేలోపు అక్కడికి చేర్చే బస్సు ఏదీ లేదు కాబట్టి స్కూటీ మీదే పోవాలి. స్కూటీకి లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే ఇన్‌స్పెక్టరు చూస్తుండగా, కాలు కింద పెట్టకుండా, ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పాలి. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన దీపికకు ఎనిమిదితో అంతకుముందు ఎన్నడూ పేచీ రాలేదు. బండెక్కాకే వచ్చింది. మొదటిసారి సగంలోనే కాలు పెట్టేసింది. జూన్‌లోపు లైసెన్సు చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని ట్రస్టు వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

అందుకని ఈసారి పథకంలో ఏ లోటూ లేకుండా చూసుకున్నారు. దీపిక గుమ్మం దాటగానే, పై అంతస్తులో ఉండే వెంకటప్పయ్య భార్య రుక్మిణి నిండు బిందెతో ఎదురు రావాలి. ఉదయ్ భాస్కర్ స్కూటీ తాళాలు పట్టుకుని కింద ఉండాలి. రాఘవమ్మ కనిపించకుండా ఉండాలి.

రాఘవమ్మ ఉదయ్ భాస్కర్ తల్లి. భర్త పోయిన దగ్గర నుంచి ఇంట్లో ఎవరు ఏ పని మీద బయలుదేరినా ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. ఆమెను ఎవరూ లోపలికి పొమ్మనలేదు. పోవద్దనీ అనలేదు. ఇలాంటి ఏర్పాట్లు మన ఇళ్ళల్లో అలాగే కుదిరిపోతాయి, ఒక్క మాట కూడా ఖర్చు కాకుండా.

అంతా అనుకున్నట్టే జరిగింది. రుక్మిణి ఎదురొచ్చింది, దీపిక నాలుగు మెట్లు దిగింది. అప్పుడు మంచినీళ్ళ బాటిలు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. సరిగ్గా అదే సమయానికి వంటింటి గట్టు మీద ఆ బాటిలు చూసిన రాఘవమ్మ, ఎండలో పిల్లకు నీళ్ళు లేకపోతే ఎట్లా అనుకుని, తన సంగతి మరిచిపోయి పరుగున బయటికొచ్చింది. అత్తాకోడళ్ళు గుమ్మంలో ఎదురెదురుగా గుద్దుకున్నారు. ఆ మధ్యాహ్నం దీపిక ఫెయిలై వచ్చింది.

"నా మొహమే అడ్డమొచ్చింది బిడ్డా. ఎందుకు ఉరికొచ్చిన్నో నాకే తెల్వదు" అంది రాఘవమ్మ.

"అట్లేం లేదు అత్తమ్మా. నాకే బ్యాలెన్సు ఆగలే" అంది దీపిక. కాని ఆ మాట రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ కొంచెం రాఘవమ్మకు సరిపోయింది. ఆ మర్నాటి నుంచి ఎవరైనా బయలుదేరితే ఆమె తలుపు దగ్గరికి వేసుకోవడంతో ఆగలేదు, లోపలి నుంచి గొళ్ళెం కూడా పెట్టుకోసాగింది. దీపిక స్కూటీకి కవరు కప్పేసి, మళ్ళీ టెస్టు మాట ఎత్తలేదు.

ఆ వారంలోనే నాలుగో అంతస్తులోకి సిల్వియా దిగింది.

ఉదయ్ భాస్కర్ పనిచేసే గ్రానైటు ఫ్యాక్టరీ వాళ్ళు ఇటలీ నుంచి రాయి కోసే పెద్ద మిషను తెప్పించారు. దాన్ని బిగించి, ఇక్కడి వాళ్ళకు నేర్పి వెళ్ళడానికి మిషనుతో పాటు వచ్చిన ఇంజనీరు ఆమె. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, గట్టి చేతులు. ఆరు నెలలు ఉండాలి. హోటలు తిండి నాలుగో రోజుకే పడకపోవడంతో, ఉదయ్ భాస్కర్ ఆమెకు వెంకటప్పయ్య గారి ఖాళీ ఫ్లాటు కిరాయికి ఇప్పించాడు. పర్ణశాల ఎన్‌క్లేవ్ వాళ్ళు ఆమె పేరు పలకడానికి ఒక పూట ప్రయత్నించి, ఇటలీ మేడం అని తీర్మానించారు.

పరాయి ఊళ్ళో కాపురం ఆమె తొందరగానే నేర్చుకుంది. బాల్కనీ తలుపు తెరిచిపెడితే బ్రెడ్డు ప్యాకెట్టు కోతుల పాలవుతుందని మొదటి రోజు తెలుసుకుంది. తలుపు గడియకు సంచీ తగిలిస్తే తెల్లారేసరికి అందులో పాల ప్యాకెట్టు ఉంటుందని రెండో రోజు తెలుసుకుని, ఫోన్లో ఫొటో తీసి ఇంటికి పంపింది. బకెట్టు స్నానం ఆమెకు ఎంతగా నచ్చిందంటే, షవరు బాగుచేయిస్తానన్న వెంకటప్పయ్యను వద్దని వారించింది. కరెంటు పోతే గాభరా పడకుండా మెట్ల మీదికొచ్చి కూర్చునేది. రోజూ పొద్దున్నే లకారం కట్ట మీద నడక. ఏడున్నరకు గేటులోకి వచ్చి, పనిచేయని లిఫ్టుకు ఒక నమస్కారం పెట్టి, మెట్లెక్కేది.

ఏడున్నర అంటే అపార్ట్‌మెంటులో అందరూ మెట్లు దిగే వేళ.

ఆ రోజు వెంకటప్పయ్య మిర్చి మార్కెట్టుకు బయలుదేరాడు. ఆయనకు వైరా దగ్గర పొలాలున్నాయి. పండిన మిర్చి బస్తాలు ముందురోజే యార్డుకు చేరాయి. మామూలుగా అయితే రుక్మిణి ఎదురు రావాలి. కాని ఆమె కూతురి కాన్పుకని సత్తుపల్లి వెళ్ళింది. ఎదురు లేకుండా బయలుదేరాల్సి వచ్చిందని సణుక్కుంటూ ఆయన మెట్లు దిగుతుంటే, మలుపులో సిల్వియా రెండు చేతుల్లో రెండు పాల ప్యాకెట్లతో, నుదుటిన దీపిక సరదాగా పెట్టిన బొట్టుతో, ముఖమంతా నవ్వుతూ ఎదురొచ్చింది.

మిర్చి యార్డులో ఆ రోజుకు పలికే అన్నిటికన్నా పై ధరను జెండా పాట అంటారు. ఆ రోజు జెండా పాట వెంకటప్పయ్య సరుకుకు పలికింది.

"నా సరుకు ఎప్పుడూ ఉండేదేనయ్యా, మారింది ఎదురే" అన్నాడాయన సాయంత్రం ఉదయ్ భాస్కర్‌ను మెట్ల మీద ఆపి. "ఆమె చేతికి చూసినవా? ఒక్క వేలికే రెండు ఉంగరాలు. సన్నదొకటి, లావుదొకటి."

"చూసిన మామా. ఎందుకో మరి."

"ఎందుకో ఏంది? మన ఆడోళ్ళు కాళ్ళకు రెండు మెట్టెలు పెట్టుకోరా? వాళ్ళు పొద్దస్తమానం బూట్లేసుకుంటరు, మెట్టెలు పెట్టినా ఎవలకు కనపడాలె? అందుకే చేతికి పెట్టుకుంటరు. నిఖార్సయిన ముత్తైదువ!"

ఉదయ్ భాస్కర్‌కు ఆ తర్కం ఎక్కడో ఒకచోట తేడాగా తోచింది. కాని అది ఎక్కడో తేలలేదు. వయసులో పెద్దావిడను ఉంగరాల గురించి ఆరా తీయడం ఏం బాగుంటుందని ఊరుకున్నాడు.

మూడో అంతస్తులో ఉండే సంగీత కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఏన్కూరు వైపు తండాలో పుట్టి, పుట్టెడు చదువు చదివిన మనిషి. వెంకటప్పయ్య చెప్పింది విని పడీపడీ నవ్వింది. వారం తిరక్కుండా ఆమెకు భద్రాచలం అవతలికి బదిలీ అంటూ కబురొచ్చింది. అది ఆపించుకోవడానికి పెద్దాఫీసుకు వెళ్ళాల్సిన పొద్దున, సరిగ్గా ఏడున్నరకు ఆమె మెట్ల మీద కనిపించింది.

"నేను గివేం నమ్మను అంకుల్. కాలేజీకి టైం ఉందని మెల్లగ దిగుతున్న" అంది, ఎవరూ అడగకముందే. బదిలీ ఆగింది. ఆ తర్వాత ఆమె నవ్వడం మానేసింది.

ఇక అపార్ట్‌మెంటును ఆపడం ఎవరి తరం? పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు, కోర్టు వాయిదాకు వెళ్ళేవాళ్ళు, పంటి నొప్పికి దవాఖానాకు వెళ్ళేవాళ్ళు, అందరికీ ముహూర్తం ఏడున్నరే అయింది. వాచ్‌మన్ బిచ్యాకు కొత్త డ్యూటీ పడింది. మేడం వీధి మలుపు తిరగ్గానే అతను రెండుసార్లు విజిల్ వేస్తాడు. ఐదంతస్తుల్లో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. చెప్పులేసుకున్నవాళ్ళు, వేసుకోనివాళ్ళు, సంచులతో, ఫైళ్ళతో, మెట్లనిండా జనం కిందికి దిగుతారు. మధ్యలో ఎవరైనా తుమ్మారా, అందరూ మళ్ళీ పైకెక్కి, కూర్చుని, మంచినీళ్ళు తాగి దిగాలి. జలుబు చేసినవాళ్ళు ఆ వేళకు మెట్ల మీదికి రాకూడదని వెంకటప్పయ్య రూలు పెట్టాడు.

ఇదంతా సిల్వియాకు వింతగానే ఉండింది. ఫ్యాక్టరీకి వెళ్ళే జీపులో ఉదయ్ భాస్కర్‌ను ఇంగ్లీషులో అడిగింది.

"ఈ ఊళ్ళో అందరూ ఒకే నిమిషానికి పనులకు బయలుదేరతారా? నన్ను చూసి అంత సంతోషపడతారెందుకు?"

"బయలుదేరేటప్పుడు ఇరుగుపొరుగు ఎదురైతే మా దగ్గర సంతోషం మేడం" అన్నాడతను. అందులో అబద్ధం లేదు. నిజం కూడా సగమే ఉంది.

"ఎంత మంచి పద్ధతి! మరి నేను మూగదానిలా వస్తే ఏం బాగుంటుంది? ఏమని పలకరించాలో చెప్పు."

ఊళ్ళో మనిషి కనబడితే మనం మొదట అడిగేది ఏదో అదే ఉదయ్ భాస్కర్ నోటికొచ్చింది. సిల్వియా దాన్ని దారి పొడవునా వల్లె వేసింది. మర్నాడు ఏడున్నరకు మొదటి మలుపులోనే వెంకటప్పయ్య కళ్ళలోకి చూసి, స్పష్టంగా అడిగింది:

"ఎక్కడికి వెళ్తున్నారు?"

వెంకటప్పయ్య ముఖం వాడిపోయింది. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పని మీద మట్టి పోసినట్టేనని తెలియని వాళ్ళు ఆ మెట్ల మీద ఒక్కరే ఉన్నారు. ఆవిడే అడుగుతోంది. ఒక్కరినీ వదలకుండా, మెట్టుమెట్టుకూ ఆగి, చిరునవ్వుతో అందరినీ అడిగింది. జనమంతా వెనక్కి తిరిగారు. అయిదు అంతస్తుల్లో గ్లాసుల చప్పుడు వినిపించింది. పిల్లల స్కూలు బస్సు వెళ్ళిపోయింది. సంగీత మొదటి క్లాసు పోయింది. కోర్టు వాయిదా ఉన్న పెద్దమనిషి ఆ రోజుకు ఇంట్లోనే ఉండిపోయాడు.

"ఎవడయ్యా ఆమెకు ఆ మాట నేర్పిన మొనగాడు?" అని వెంకటప్పయ్య మెట్ల మీది నుంచే అరిచాడు. ఉదయ్ భాస్కర్ స్కూటీ కవరు సర్దుతున్నట్టు వంగాడు.

ఆ సాయంత్రమే పాత పాఠం రద్దయి కొత్త పాఠం మొదలైంది. రెండు రోజుల కష్టం మీద సిల్వియా "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అనడం నేర్చింది. ఇది ఆమెకు ఇంకా బాగా నచ్చింది. వెంకటప్పయ్యకు చెప్పింది, సంగీతకు చెప్పింది, బాత్‌రూంకు వెళ్తున్న బిచ్యాకు చెప్పింది, చెత్తబండి డ్రైవరుకు చెప్పింది. చెత్తబండి డ్రైవరు మాత్రం జీవితంలో తనకు ఆ మాట ఎవరూ చెప్పలేదని, బండి ఆపి మరీ దండం పెట్టాడు.

అంతటితో ఆగితే వెంకటప్పయ్య వెంకటప్పయ్యే కాదు.

"ఉత్త చేతుల్తో ఎదురొస్తేనే గింతుంటే, నిండు బిందెతో ఎదురొస్తే ఎట్లుంటదో ఆలోచించు" అన్నాడు బిచ్యాతో. మర్నాటి నుంచి గేటు దగ్గర స్టీలు బిందె నిండుగా సిద్ధంగా ఉంది. బిచ్యా దాన్ని చూపించి, పైకి చూపించి, దండం పెట్టాడు. అంతకు రెండు రోజుల ముందే మోటారు కాలిపోయి అపార్ట్‌మెంటుకు నీళ్ళు రాలేదు. ఇంటికొక వంతున అందరూ నీళ్ళు మోస్తున్నారని, ఇప్పుడు తన వంతు వచ్చిందని సిల్వియా అర్థం చేసుకుంది. బిందె చంకనెత్తుకుంది. మెట్ల మీద జనం చేతులు జోడించారు. నీళ్ళకు వీళ్ళు ఇచ్చే గౌరవం చూసి ఆమె మనసు కరిగింది.

మోసిన నీళ్ళు ఎక్కడ పోయాలన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండో అంతస్తు చేరేసరికి ఆయాసం వచ్చేది. అప్పటికి మెట్లు ఖాళీ, ఇళ్ళు ఖాళీ. లోపల మనిషి అలికిడి ఉన్నది ఉదయ్ భాస్కర్ ఇంట్లోనే, అదీ గొళ్ళెం పెట్టిన వంటింట్లో. ఆమె తలుపు తట్టింది. రాఘవమ్మ తీసింది. బిందె గట్టు మీదికి చేరింది.

ఇది రోజూ జరిగింది. నీళ్ళు మోసుకొచ్చిన మనిషిని ఉత్తగా పంపడం రాఘవమ్మకు చేతకాదు కాబట్టి కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ తాగిన సిల్వియా మర్నాడు ఇటలీ నుంచి తెచ్చుకున్న చిన్న కాఫీ కెటిల్ పట్టుకొచ్చి పొయ్యి మీద పెట్టింది. రాఘవమ్మ అది రుచి చూసి, ముఖం చిట్లించి, నాలుగు చెంచాల చక్కెర వేసుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఫ్యాక్టరీ జీపు వచ్చేదాకా ఇద్దరూ గంటకు తక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఒక రోజు బయటికి వెళ్ళిన దీపిక తొందరగా తిరిగి వచ్చేసరికి, హాల్లో మామగారి ఫొటో ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"ఉల్లిగడ్డలు కోసినం" అంది రాఘవమ్మ. ఆ రోజు వంట బెండకాయ వేపుడు. దీపిక అడగలేదు.

ఆ తర్వాత రాఘవమ్మకు ఒక కొత్త అలవాటు వచ్చింది. సాయంత్రం కాగానే అపార్ట్‌మెంటు వాళ్ళ పనులన్నీ కోడలిని అడిగి తెలుసుకునేది. "సంగీత పని అయిందటనా? పైవాళ్ళ పిల్లకు సంబంధం కుదిరిందటనా? కోర్టు ఆయన సంగతేంది?" అయిందనో కుదిరిందనో దీపిక చెబితే, "అవ్, ఎందుకు కాదు" అని తనలో తాను అనుకుని లోపలికి వెళ్ళేది. ఎప్పుడూ ఎవరి సంగతీ పట్టని అత్తగారికి ఇంత ఆరా ఏమిటో దీపికకు అంతుపట్టలేదు.

మే నెల గడిచిపోతుండగా ట్రస్టు వాళ్ళు ఫోన్ చేశారు. ఇదే ఆఖరి వారం. దీపిక స్కూటీ మీది కవరు తీసింది. మళ్ళీ టెస్టుకు తేదీ తీసుకుంది. రాత్రిళ్ళు పడుకుంటే కళ్ళ ముందు ఎనిమిది అడ్డంగా పడుకుని కనిపించేది. దాన్ని లెక్కల్లో అనంతం అంటారని ఆమెకు తెలిసి ఉండడంతో మరీ కష్టమైంది.

టెస్టు రోజు వచ్చింది. అపార్ట్‌మెంటు అంతా తమ పనులు వాయిదా వేసుకుని మెట్ల మీద నిలబడింది. ఇన్నాళ్ళు తామందరి పనులు చేసిపెట్టిన ఎదురు, ఇవాళ తమ పిల్ల కోసం రాబోతోంది. సిల్వియా ఆ రోజు నడకకు కూడా పోలేదు. దీపిక ఇచ్చిన చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, కింద మలుపులో బిందెతో సిద్ధంగా ఉంది. పథకం తప్పే దారే లేదు.

వెంకటప్పయ్య చేతిలో ఒక కవరు ఉంది. ఇంకో వారంలో తిరిగి వెళ్ళిపోయే మనిషిని ఊరికే పంపితే ఖమ్మం పరువు ఏం కాను? దంపతులకు పెట్టాలని ఒక పట్టుచీర, ఒక పంచె కొన్నాడు. పంచెతో పాటు చొక్కా కూడా కుట్టించి పంపాలని అప్పటికప్పుడు ఆయనకు బుద్ధి పుట్టింది.

"ఉదయ్! వాళ్ళాయన చొక్కా సైజు ఏందో అడుగు" అన్నాడు.

"ఇప్పుడా మామా? టెస్టుకు టైం అయితుంది."

"ఒక్క మాటే గదా, జల్దీ అడుగు."

ఉదయ్ భాస్కర్ అడిగాడు. సిల్వియా ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పింది. బిందెను ఒక చంకలోకి మార్చుకుని, ఎడమచేతి వేలి మీది లావు ఉంగరాన్ని చూపించింది. ఉదయ్ భాస్కర్ మెట్ల మీది జనాన్ని ఒకసారి చూశాడు.

"ఏమంటది?" అన్నాడు వెంకటప్పయ్య.

"సైజు... మీడియం అంటుంది మామా."

ఆ మెట్ల మీద ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇంకొకరు ఉన్నారు. "మీడియం ఏంది?" అంది సంగీత, అలవాటుగా తప్పు దిద్దుతూ. "ఆయన పోయి ఆరేండ్లయిందట అంకుల్. లావు ఉంగరం ఆయనదట. మొగుడు పోతే ఆయన ఉంగరం గూడ భార్యనే పెట్టుకుంటదట వాళ్ళ దగ్గర." అనేశాక గాని తాను ఏమన్నదో ఆమెకు తెలియలేదు.

వెంకటప్పయ్య కవరు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. నెలల తరబడి ఎన్ని పనుల మీద, ఎన్ని పొద్దుల్లో, కోరి కోరి ఎవరికి ఎదురు నడిచామో అందరూ ఒక్కసారే లెక్క వేసుకుంటున్నారు. సిల్వియా ఒక్కొక్కరి ముఖం చూసింది. తాను ఏదో తప్పు చేసిందని అర్థమైంది, ఏం తప్పో అర్థం కాలేదు. బిందె ఆమె చంకలో బరువెక్కింది.

"అమ్మాయ్ దీపికా, వెనక్కి పో" అన్నాడు వెంకటప్పయ్య నీరసంగా. "అందరూ పోండి. కూసోని మంచినీళ్ళు తాగుండ్రి. తర్వాత చూద్దాం."

అప్పుడు రెండో అంతస్తులో గొళ్ళెం తీసిన చప్పుడైంది.

రాఘవమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. గుమ్మం దాటింది. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా తెలియకుండానే పక్కకు జరిగారు.

"ఏందన్నా, మెట్ల మీద కూసున్నవ్?"

"నీకు తెల్వదు చెల్లెమ్మా. ఈ మేడం..."

"తెలుసు. బెండకాయలు వండిన్నాడే తెలుసు" అంది రాఘవమ్మ. దీపిక చప్పున తలెత్తింది. "మా ఆయన ఫొటో చూపించి, ఆ ఉంగరం తీసి నా చేతిల పెట్టింది. ఇంకేం చెప్పాలె? గంతకన్న భాష ఎందుకు?"

"తెలిసీ మాకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? ఒక్కరి పనన్న చెడిపోతే చెప్దామని రోజూ చూస్తనే ఉన్న. ఎవరిదీ చెడలే. సంగీత బదిలీ ఆగింది. పైవాళ్ళ పిల్లకు సంబంధం కుదిరింది. నీకు జెండా పాట పలికింది."

"అదిగాదు చెల్లెమ్మా, మనకు ఒక పద్ధతి ఉంటది గదా..."

"ఉంటే ఉండనీ. ముండమోసినామె ఎదురొస్తే పలికిన పాట గదా, ఆ పాట వెనక్కిచ్చి రా పో. నువ్వు ఇచ్చొస్తే నేను గూడ పోయి ఎప్పట్లెక్కనే గొళ్ళెం పెట్టుకుంట."

వెంకటప్పయ్య ఒళ్ళోని కవరు సర్దుకున్నాడు. ఆయన మూడు తరాల మిర్చి రైతు. కుదిరిన ధరను వెనక్కివ్వడమన్నది ఆయన వంశంలోనే లేదు. సంగీత మాత్రం గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది, నెలల తర్వాత మొదటిసారి.

"అత్తమ్మా, నువ్వు ఎదురు రా" అంది దీపిక. ఈసారి ఆ మాట రావడానికి ఏమాత్రం ఆలస్యం కాలేదు.

అంతవరకు అంత గట్టిగా మాట్లాడిన రాఘవమ్మ ఒక్కసారి చిన్నపిల్లలా బెదిరిపోయింది. గొంతు తగ్గిపోయింది. "నేనా? వద్దు బిడ్డా. ఎవరెవరికో అయితే అన్న గని, నీ నౌకరి... మళ్ళ ఏమన్న అయితే నేను తట్టుకోలేను."

"పోతే నౌకరి పోతది. నువ్వు రాకుంటే నేను పోను."

ఏం జరుగుతోందో భాష రాని మనిషికే ముందు అర్థమైంది. సిల్వియా పైకి వచ్చి, రాఘవమ్మ చెయ్యి పట్టుకుని కింది మలుపు దాకా తీసుకెళ్ళింది. బిందెను ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క ఆమె చేతికిచ్చింది. దీపిక మెట్లు దిగింది. ఇద్దరు ఆడవాళ్ళు నిండు బిందెతో మెట్లెక్కుతూ ఎదురొచ్చారు. బిందె ఒరిగి కొన్ని నీళ్ళు మెట్ల మీద ఒలికాయి. రాఘవమ్మ బిందె అంచు గట్టిగా పట్టుకుని మెట్లే చూసుకుంటోంది. అందుకని ఇద్దరి తరఫునా సిల్వియానే చెప్పింది, ప్రతి అక్షరం ఒత్తి పలుకుతూ:

"క్షేమంగా వెళ్ళి లాభంగా రండి."

దీపిక వంగి ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టి వెళ్ళింది. మధ్యాహ్నం పాసై వచ్చింది. రాఘవమ్మ కోడలి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఏళ్ళ తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆ ఇంట్లో ఆ రోజు ఉల్లిగడ్డల ప్రసక్తి ఎవరూ తేలేదు.

వెంకటప్పయ్య సాయంత్రం బజారుకు వెళ్ళి, పంచెను దుకాణంలో వాపసిచ్చి, రెండో పట్టుచీర తెచ్చాడు. వారం తర్వాత సిల్వియా ఊరికి బయలుదేరినప్పుడు అపార్ట్‌మెంటంతా గేటు దాకా వచ్చింది. రాఘవమ్మ బిందెతో ఎదురొచ్చింది. ఆ మర్నాడు ఏడున్నరకు బిచ్యా అలవాటు కొద్దీ విజిల్ వేశాడు. జనమంతా అలవాటు కొద్దీ దిగి, రెండో అంతస్తు గుమ్మం ముందు ఆగారు. కాఫీ తాగకుండా ఎవరికీ ఎదురు వచ్చేది లేదని రాఘవమ్మ లోపలి నుంచే చెప్పింది. వెంకటప్పయ్యతో సహా అందరూ నిలబడి ఎదురుచూశారు.

దీపిక ఇప్పుడు రోజూ స్కూటీ మీద ఏన్కూరు దాటి బడికి వెళ్తోంది. ఒక సంగతి మాత్రం ఆమె ఇంతవరకు అత్తగారికి గాని, అపార్ట్‌మెంటులో ఇంకెవరికి గాని చెప్పలేదు. ఆ రోజు ఎనిమిదిలో రెండో మలుపు దగ్గర ఆమె కాలు నేలకు తగిలింది. ఆ క్షణంలో ఇన్‌స్పెక్టరు గారు కళ్ళు మూసుకుని తుమ్ముతున్నారు.